అడుగుకి పన్నెండు అడుగులు

మా రోజుల్లో ర్యాంపులూ లేవు, రెయిలింగులూ లేవు. మా వీధిలో ఇంటింటికీ అరుగుండేది. మోకాళ్లు పట్టేస్తే ఎవరరుగు మీదైనా కూలబడేవాళ్లం. బస్సులో కర్ర చేతపట్టిన ముసలాయన్ని కండక్టరు రెక్క పట్టి ఎక్కించాకే ‘రైట్’ అనేవాడు.

ఇప్పుడో? అరుగులు పోయి కాంపౌండు గోడలొచ్చాయి, వాటి ముందు బైకులొచ్చాయి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరుకీ, టీ బండికీ, ఫ్లెక్సీకీ పోగా మిగిలిన జానెడు మనది. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మా వీధి చివరిది ఎక్కాలంటే గుర్రమెక్కినట్టు కాలెత్తాలి. ఎక్కి పదడుగులేశామో లేదో, ఎవరి గేటు ముందో మళ్లీ దిగాలి.

వికలాంగుల హక్కులకని చట్టాలకేం కొదవ లేదు. 1995లో ఒకటి, 2016లో ఇంకొకటి. మధ్యలో, 2015 డిసెంబరులో, అన్నిచోట్లకీ వాళ్లు సులువుగా వెళ్లగలగాలంటూ కేంద్రం మొదలెట్టిన సుగమ్య భారత్ హడావుడి. ఇష్టముంటే పాటించండి అన్నట్టున్న నిబంధనలు చెల్లవు, తప్పనిసరివి రాయండని 2024లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సొచ్చింది.

మొన్న మా ఆవిణ్ణి చక్రాల కుర్చీలో ఓ ఆఫీసుకి తీసుకెళ్లాను. వాకిట్లో మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. పక్కనే ర్యాంపు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలని లెక్క. ఆ లెక్కన పద్దెనిమిది అడుగులుండాలి. కట్టింది అయిదడుగులు! అదీ నున్నటి గ్రానైటు. వాచ్‌మనూ నేనూ కలిసి తోస్తేగాని ఎక్కలేదు. దిగేటప్పుడు కుర్చీ వెనక్కి తిప్పి, ఊపిరి బిగబట్టి దింపాం. “ర్యాంపుంది కదండీ” అన్నాడు గుమాస్తా. ఉంది నాయనా, ఫొటోకి.

ఇక పసుపు టైల్స్. చూపులేనివాళ్ల కోసం 1967లో జపాన్‌లోని ఒకాయామాలో మొదట పరిచారు. కాలికి గీతలు తగిలితే ముందుకు నడవమని, చుక్కలు తగిలితే ఆగి చూసుకోమని అర్థం. మా పేటలో ఆ గీతలు తిన్నగా వెళ్లి కరెంటు స్తంభానికి గుద్దుకుంటాయి. రంగు బాగుందని వేసినట్టున్నారు.

అలాగని పాతకాలమంతా బంగారమనను. మా క్లాసులో పోలియో వచ్చిన కుర్రాణ్ణి వాళ్ల నాన్న భుజాన మోసుకొచ్చేవాడు. పై తరగతి మేడ మీదకి మారింది, వాడి చదువు కిందే ఆగిపోయింది. అప్పట్లో అది వాడి ఖర్మ అన్నాం. ఇప్పుడు హక్కంటున్నాం, సంతోషమే. మెట్రో స్టేషన్లో లిఫ్టెక్కితే నాకూ హాయిగానే ఉంటుంది. రోడ్డు మీదకి దిగాకే వస్తుంది చిక్కంతా.

పెద్ద కోరికేం కాదు నాది. ర్యాంపు బిల్లు మీద సంతకం పెట్టేముందు ఇంజినీరుగారు చక్రాల కుర్చీలో కూర్చుని ఒక్కరే పైకెక్కి చూపించాలి. కుర్చీ నేనే తెచ్చిస్తా. తోయమంటే మాత్రం తోయను.