కారణం రాయని లెక్క

మా రోజుల్లో లెక్కల హోంవర్కుకి రెండు పుస్తకాలుండేవి, రఫ్ ఒకటి, ఫెయిర్ ఒకటి. రఫ్‌లో ఎన్ని కొట్టివేతలున్నా అడిగేవాళ్లు లేరు. ఫెయిర్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రం మార్జిన్ గీసి, ప్రశ్న పూర్తిగా రాసి, ఏం ఇచ్చారో, ఏం నిరూపించాలో చెప్పి, ఆ తర్వాతే సాధన మొదలుపెట్టాలి. డెబ్బైలలో ఉస్మానియా కింద బీఎస్సీ చదివినవాళ్లం. మా లెక్చరర్ గారు జవాబు తర్వాత చూసేవారు, ముందు మధ్యలోని వాక్యాలు చదివేవారు. ఒక సమీకరణం నుంచి రెండోదానికి ఎందుకు వెళ్లామో రాయకపోతే జవాబు సరైనదైనా మళ్లీ రాయమనేవారు. అప్పుడు ఏడుపొచ్చేది. ఆ పట్టుదల విలువ నేను పాఠం చెప్పే రోజుల్లో తెలిసింది.

ఇప్పుడు కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అపార్ట్‌మెంట్‌లోని ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలు “తాతగారూ, ఒక డౌటు” అంటూ వస్తుంటారు. అసైన్‌మెంట్ అంటే వాళ్లకి తెలిసిన పద్ధతి ఒకటే. క్లాసులో ఒకరు చేస్తారు, రాత్రికి వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది, తెల్లారేసరికి అందరి కాగితాల మీదా అదే లెక్క. చేతిరాతలు వేరు, తప్పు ఒకటే. ఈమధ్య ఆ ఒక్కరూ చేయడం లేదు, చాట్‌జీపీటీ ఇచ్చింది ఎక్కించుకుంటున్నారు.

మొన్న ఒకబ్బాయి కాగితం చూశాను. మైనస్ 1 నుంచి 1 వరకు మోడ్ ఎక్స్‌కి రోల్ సిద్ధాంతం వర్తిస్తుందా అని ప్రశ్న. మైనస్ 1 దగ్గర విలువ 1, ప్లస్ 1 దగ్గరా 1, రెండూ సమానం, కాబట్టి వర్తిస్తుంది, సి విలువ 0 అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. రోల్ సిద్ధాంతానికి షరతులు మూడు. సంవృతాంతరంలో ప్రమేయం అవిచ్ఛిన్నం కావాలి, వివృతాంతరంలో అవకలనీయం కావాలి, చివరల విలువలు సమానం కావాలి. అతను చూసింది మూడోదే. రెండోది సున్నా దగ్గర చెడిపోతుంది. అక్కడ ఎడమ అవకలజం మైనస్ 1, కుడి అవకలజం ప్లస్ 1. మూడు షరతులూ మూడు వాక్యాలుగా రాసుకుని ఉంటే రెండో వాక్యం దగ్గర కలం దానంతటదే ఆగేది. శుభ్రంగా రాయమని మమ్మల్ని అంత సతాయించింది అందం కోసం కాదు. తప్పు ఎక్కడుందో దిద్దేవాళ్లకంటే ముందు రాసేవాడికే తెలుస్తుంది.

సమానం గుర్తుకైతే మర్యాదే పోయింది. ఎక్స్ స్క్వేర్‌ని అవకలనం చేయమంటే ఎక్స్ స్క్వేర్ సమానం 2 ఎక్స్ అని రాసేస్తారు. ఎక్స్ విలువ 0 గానీ 2 గానీ అయితే తప్ప అది అబద్ధం. “నేననుకున్నది అది కాదు తాతగారూ” అంటారు. అనుకున్నది కాగితం మీద లేకపోతే ఎలా నాయనా?

“రామానుజన్ స్టెప్పులు రాశాడా?” అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. కాగితం ఖరీదు భరించలేక ఆయన పలక మీద చేసి, ఫలితాలు మాత్రం నోటుబుక్కుల్లోకి ఎక్కించేవాడు. ఆ రాయని నిరూపణలను కూర్చి బ్రూస్ బెర్న్ట్ 1985 నుంచి 1998 దాకా 5 సంపుటాలు ప్రచురించాల్సి వచ్చింది. రామానుజన్ కాబట్టి అంత ఓపిక పట్టారమ్మా. పైగా ఈ కాలంలో తెల్లకాగితానికి కరువేముంది?

ఇక్కడికి దగ్గర్లోనే, హెచ్‌ఐసీసీలో, 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ జరిగింది. మన దేశంలో అది జరగడం అదే మొదటిసారి. నలుగురికి ఫీల్డ్స్ మెడల్ అందింది ఆ వేదిక మీదే. ఆ స్థాయివాళ్లయినా సరే, నిరూపణను ఇంకొకరు లైను లైనూ చదివి ఒప్పుకోవాల్సిందే. హైటెక్ సిటీ ఆఫీసుల్లోనూ అంతే. మా కోడలు రాసిన కోడ్‌ని టీమ్‌లో మరొకరు చదివి సరే అంటే గానీ ముందుకు పోదట. ఆ ఉద్యోగాల కోసమే చదువుతున్న పిల్లలకి, నేను రాసింది ఇంకొకరు చదువుతారు అన్న ధ్యాసే కాలేజీలో అలవాటు కావడం లేదు.

తప్పంతా పిల్లలదే అనను. ఇంటర్నల్ మార్కుల కోసం కట్టలు కట్టి తీసుకుని, చివరి పేజీలో సంతకం గీకి పక్కన పడేస్తే ఎవరు మాత్రం ఒళ్లు వంచి రాస్తారు? లెక్చరర్ మిత్రులకు నా విన్నపం ఒకటే. పది లెక్కలు ఇవ్వకండి, రెండే ఇవ్వండి. అవి పూర్తిగా చదవండి. కారణం రాయని చోట ఎర్ర సిరాతో ‘ఎందుకు?’ అని రాసి తిరిగి ఇవ్వండి. మళ్లీ రాసి తెస్తే అప్పుడు మార్కులు వేయండి.