ఒక కుర్చీ, ఎనిమిదిమంది వారసులు

మా గైడు గారికి కుర్చీ ఒకటే. వారసులం మాత్రం ఎనిమిదిమందిమి. ఇది ఆయన తప్పు కాదు, యూజీసీ లెక్క. ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిదిమంది పీహెచ్‌డీ స్కాలర్లను పెట్టుకోవచ్చు, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని. ఒక బ్యాచ్ వెళ్ళగానే ఇంకో బ్యాచ్. సర్వీసు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరి చేతిమీదుగా పాతిక ముప్ఫైమంది తయారవుతారు. ఖాళీ అయ్యేది మాత్రం ఒక్క కుర్చీ. అదీ ఖాళీ అయ్యాక నోటిఫికేషన్ వస్తేనే, వచ్చాక ఎవరూ కోర్టుకు వెళ్ళకపోతేనే.

ఈ లెక్క మూడో తరగతి పిల్లాడు కూడా చేసేస్తాడు. మేం ఎనిమిదిమందిమీ పీజీలో డిస్టింక్షన్ వాళ్ళం కనక చేయలేదు. ఆ కుర్చీ నాదేనని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. మిగతా ఏడుగురి గతేమిటా అని లోలోపల జాలిపడ్డాం కూడా.

2025 మొదట్లో తెలంగాణ ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కి పెంచింది. అప్పటికి నేను యూనివర్సిటీలోంచి బయటపడ్డాను గానీ, స్కాలర్ల వాట్సాప్ గ్రూపులోంచి బయటపడలేదు. ఆరోజు 'కంగ్రాట్స్ సార్' అంటూ వరసగా ఎనిమిది పూలగుత్తులు పడ్డాయి. అంత దుఃఖంలోనూ ఒక్కరూ అక్షరం తప్పు కొట్టలేదు. పరిశోధన నేర్పే క్రమశిక్షణ అలాంటిది.

నా అంశం తేనెలో పుప్పొడి. నల్లమలలో చెంచులు తీసిన తేనె తెచ్చి, అందులోంచి పుప్పొడి రేణువులను వేరుచేసి, తొమ్మిది పాళ్ళ ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌కి ఒక పాలు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేడిచేసి, స్లైడు మీదికెక్కించి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఏదైనా ఒక్క మొక్క పుప్పొడి 45 శాతం దాటితే అది ఆ మొక్క తేనె అని తేల్చాలి: చింత తేనె, కుంకుడు తేనె, నీలగిరి తేనె.

ఇది మా బంధువులకు 'మనవాడు తేనె పరీక్ష చేస్తాడట' అని చేరింది. పండక్కి ఊరెళ్తే తలా ఒక సీసా పట్టుకొచ్చారు. "ఒరే, ఇది అసలుదా, బెల్లంపాకమా? చూసి చెప్పు" అంది నాయనమ్మ. కల్తీ తేల్చే పరీక్షలు వేరే ఉన్నాయి, నేను చూసేది తేనెటీగ ఏ చెట్టుకు వెళ్ళొచ్చిందన్నది మాత్రమే అని చెప్పాను. నాయనమ్మ సీసా మూత బిగించుకుని, "అది ఎక్కడికెళ్తే మనకెందుకురా?" అంది. తర్వాత వైవాలో ఎక్స్‌టర్నల్ కూడా ఇదే ప్రశ్న అడిగారు. కాకపోతే ఇంగ్లిషులో అడిగారు, అరగంటసేపు అడిగారు.

ఇంత కష్టం ఎందుకు పడ్డావంటే, రూలు ప్రకారం పడ్డాను. నేను రిజిస్టరైంది 2017లో. మరుసటి ఏడాదే యూజీసీ, 2021 జూలై 1 నుంచి యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీహెచ్‌డీ తప్పనిసరి అంది. నా ముందుచూపుకి నేనే మురిసిపోయాను. తర్వాత ఆ గడువు 2023 జూలైకి జరిగింది. నా థీసిసూ జరుగుతూ జరుగుతూ 2023కే చేరింది. సరిగ్గా ఆ జూలైలోనే, నెట్టో సెట్టో ఉంటే చాలు, పీహెచ్‌డీ మీ ఇష్టం అన్నారు. నేను ఎంఫిల్ కూడా చేసి వచ్చినవాణ్ణి. 2022 నిబంధనల్లో ఎంఫిల్‌నే ఎత్తేశారు. థీసిస్ సమర్పించాలంటే ముందు ఒక పత్రం అచ్చు కావాలి, రెండు సదస్సుల్లో చదవాలి అని మా బ్యాచ్‌కి షరతు. ఒకటి అచ్చేయించి, రెండు చదివి, సర్టిఫికెట్లు లామినేషన్ చేయించాను. ఆ షరతు కూడా 2022లోనే పోయింది. పత్రిక యూజీసీ కేర్ జాబితాలో ఉండాలన్నారని వెతికి వెతికి జాబితాలో ఉన్నదానికే పంపాను. 2025కల్లా ఆ జాబితానే రద్దుచేశారు. 2023 జనవరి నుంచి సీనియర్ ఫెలోషిప్ నెలకు 35,000 నుంచి 42,000 అయింది. నా ఐదేళ్ళ ఫెలోషిప్ అంతకుముందే అయిపోయింది. నేను ఏది సాధిస్తే అది ఇక దేశంలో ఎవరికీ అక్కర్లేకుండా పోయేది. తర్వాతి తరాల భారం ఇంతగా తగ్గించిన స్కాలరు మా డిపార్ట్‌మెంట్ చరిత్రలో లేడు.

పట్టా చేతికొచ్చాక ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా చేరాను. అతిథి అధ్యాపకులకు లెక్చరుకు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. మా కాలేజీవాళ్ళు అందులో మొదటి సగం వదిలేసి రెండో సగాన్ని నిష్ఠగా పాటించారు. నా జీతం 50,000 ఎన్నడూ మించలేదు. దాని దరిదాపులకు కూడా పోకుండా చూసుకున్నారు. పీరియడ్ లెక్కన జీతం కనక దసరాకు జీతం లేదు, సంక్రాంతికి లేదు, ఎండాకాలం అసలే లేదు. భారీ వర్షాల వల్ల కలెక్టరు గారు సెలవు ప్రకటించారని తెలిసి తరగతంతా కేరింతలు కొడుతుంటే, కళ్ళనీళ్ళు పెట్టుకున్నది బల్లకు ఇవతల నిలబడ్డ నేనొక్కణ్ణే.

ఎవరో చెప్పగా ఒక కార్పొరేట్ కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను, నీట్ పిల్లలకు బోటనీ చెప్పడానికి. అక్కడ ప్రిన్సిపాలు పైన డీన్, డీన్ పైన ఏజీఎం. ఏజీఎం గారు నా థీసిస్‌ని చేత్తో ఎత్తి బరువు చూసి కిందపెట్టారు. "దేనిమీద?"

"పుప్పొడి మీద సార్."

"పుప్పొడి పై పొర దేనితో తయారవుతుంది?"

"స్పోరోపొల్లెనిన్. చాలా విచిత్రమైన పదార్థం సార్, ఆమ్లాలక్కూడా లొంగదు, లక్షల ఏళ్ళ నాటి శిలాజాల్లో కూడా..."

"చాలు. ఒక బిట్టు, నాలుగు మార్కులు. తప్పైతే మైనస్ ఒకటి. మీరు దానికి ఆరేళ్ళు తీసుకున్నారు, మా పిల్లలకు 50 సెకన్లు ఇస్తాం."

జీతం మాత్రం బాగానే చెప్పారు. వెళ్ళబోతుంటే ఒక్క మాట అన్నారు: "పీహెచ్‌డీ ఉందని పిల్లలకు చెప్పకండి. డౌట్లు అడుగుతారు."

తర్వాత కంపెనీల వంతు. ముందు రెజ్యూమే రాయాలి. రెండు వందల నలభై పేజీల థీసిస్ రాసినవాడికి రెండు పేజీల్లో తనగురించి రాసుకోవడం ఎంత నరకమో రాసినవాళ్ళకే తెలుస్తుంది. నా మొదటి రెజ్యూమేలో పరిచయం, పూర్వ పరిశోధనల సమీక్ష, చివర కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. మా ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. అది చదివి, "దీన్ని ఎవరు మార్గదర్శనం చేశారు?" అని అడిగింది.

హెచ్‌ఆర్ అమ్మాయి ఫోనులో అడిగిన ప్రశ్నలు వైవాకన్నా కఠినం. "టోటల్ ఎక్స్‌పీరియన్స్ ఎంత సార్?" ఆరేళ్ళన్నాను. "ఏ కంపెనీ?" యూనివర్సిటీ అన్నాను. అటునుంచి కీబోర్డు చప్పుడు. "ఓకే సార్, ఫ్రెషర్ అని పెడుతున్నాను. నోటీస్ పీరియడ్?" మా గైడు గారిని అడిగి చెప్తానన్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

ఈ దశలో ప్రతి తెలుగు ఇంటిలోనూ ఒక బాబాయి ఉంటాడు. మా బాబాయి నన్ను పెళ్ళి భోజనాల బంతిలో పట్టుకుని యల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్పాడు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్ చేరి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టి, 1930లో పీహెచ్‌డీ తీసుకుంటే, హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళాడు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ అక్కడ ఆయన బృందం చేతుల్లోంచే వచ్చాయి. గారె నమిలి మింగాక సి.ఆర్. రావు గారి మీదికి వచ్చాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎమ్మే చదివి, కలకత్తాలో సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికి వెళితే రాలేదు. ఆ ఊళ్ళోనే ఉన్న స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పాతికేళ్ళు నిండకుండానో నిండుతూనో రాసిన 1945 నాటి పత్రంతో ప్రపంచమంతా గణాంకశాస్త్రం పాఠాల్లో ఆయన పేరు చేరింది. "చూశావా? ఉద్యోగం రాకపోవడం ఎంత మంచిదో!" అన్నాడు బాబాయి.

కథలు నిజమే. కానీ చిక్కు అక్కడే ఉంది. యూనివర్సిటీ వాళ్ళ దగ్గర అక్కడే ఉండిపోయినవాళ్ళ కథలుంటాయి. బాబాయిల దగ్గర వెళ్ళిపోయి మహనీయులైనవాళ్ళ కథలుంటాయి. వెళ్ళిపోయి, నెలజీతం తెచ్చుకుని, ఈఎంఐ కట్టుకుంటూ, ఆదివారం మటన్ తెచ్చుకునే వేలమంది కథ ఎవరి దగ్గరా ఉండదు. నాకు కావలసిందేమో అదే. క్యాన్సర్‌కు మందు కనిపెట్టకపోతే కంపెనీకి వెళ్ళే అర్హత లేదేమోనని కొన్నాళ్ళు నిజంగానే బెంగపడ్డాను.

చివరికి మాదాపూర్‌లో ఒక సంస్థలో మెడికల్ రైటర్‌గా కుదిరాను. మందుల ప్రయోగ పరీక్షలు అయ్యాక వాటి ఫలితాలను నియంత్రణ సంస్థలకు పంపే రిపోర్టులుగా రాసే పని. నా చేతికొచ్చిన మొదటి రిపోర్టు కీళ్ళవాతం మందు గురించి. పరీక్షలో పాల్గొన్న రోగులందరూ అప్పటికే మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ళు. బాబాయికి ఫోను చేసి చెప్పాను. ఆయన నా ఉద్యోగం గురించి బంధువులందరికీ చెప్పాడు. ఇప్పుడు మా ఊళ్ళో సుబ్బారావు గారి మందు నేను పరీక్షిస్తున్నానని ప్రతీతి. కొందరు మోకాళ్ళ ఎక్స్‌రేలు పంపుతున్నారు. సీసాలు మాత్రం ఆగాయి.

ఉద్యోగం రావడంకన్నా కష్టమైన ఘట్టం ఇంకోటి ఉంది. గైడు గారికి చెప్పడం. బస్సులో వెళుతూ మూడు రకాల వాక్యాలు తయారుచేసుకున్నాను. గదిలోకెళ్ళగానే మూడూ కలిసిపోయి, "సార్, తాత్కాలికంగా, శాశ్వతంగా, ఒక కంపెనీలో..." అన్నాను. ఆయన కళ్ళజోడు తీశారు. "ప్రైవేటా?" అన్నారు. ఇల్లరికం వెళుతున్నానని చెబితే మా తాతయ్య ఆ గొంతుతోనే అడిగేవాడు. నిశ్శబ్దం. ఫ్యాను తిరిగింది. కాసేపటికి, "ఎంతిస్తారు?" అన్నారు. చెప్పాను. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారిది వేరే రకం. తర్వాత అటెండరును పిలిచి, "రెండు టీలు" అన్నారు. నేను రిజిస్టరైన నాటినుంచి ఆ గదిలోకి రెండో టీ రావడం అదే మొదటిసారి.

కంపెనీలో కొత్తగా అనిపించినవి రెండే. అక్కడ శుక్రవారం గడువంటే శుక్రవారమే, ఆరునెలల పొడిగింపుకు దరఖాస్తు ఫారం ఉండదు. తేలిన విషయం మొదటి పేజీలోనే చెప్పాలి. నేను అలవాటుకొద్దీ కీళ్ళవాతం పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టి పదకొండో పేజీలో మందు దగ్గరికి వచ్చాను. మా మేనేజరమ్మ నొచ్చుకుంటూ నలభై సవరణలు పెట్టి పంపింది. "మొదటి రిపోర్టుకే ఇన్ని పెట్టానని ఏమనుకోకండి" అని ఫోను కూడా చేసింది. నేను ఏమనుకుంటాను? మా గైడు గారి ఎర్రపెన్ను కింద ఏళ్ళు గడిపినవాణ్ణి. నలభై అంటే నాకు సన్మానం. పట్టికల్లో అంకెలు సరిచూడమంటే పక్క సీటు కుర్రాడు గంటకే లేచిపోతాడు. నేను కదలను. పుప్పొడితో పోలిస్తే అంకెలు పెద్దవి, రంగు వేయక్కర్లేదు, తుమ్ములు రావు. నాయనమ్మా ఎక్స్‌టర్నలూ అడిగిన ప్రశ్నకు నాకిప్పుడు సమాధానం తెలుసు గానీ, అడిగేవాళ్ళే లేరు.

ఆమధ్య గైడు గారి దగ్గరినుంచి వాట్సాప్‌లో ఒక రెజ్యూమే వచ్చింది. 'ఈ అమ్మాయి బాగా రాస్తుంది. మీ దగ్గర చూడు.' వెంటనే ఇంకోటి: 'నేను పంపానని చెప్పకు. థీసిస్ ఆపేస్తుంది.' నెల తిరక్కుండా మరో రెండు వచ్చాయి. కంపెనీ హెచ్‌ఆర్ నన్ను ప్రేమగా చూడటం మొదలెట్టింది. రిఫరల్ బోనస్‌లో గైడు గారికి వాటా ఇవ్వాలా అన్నది పరిశోధనా నైతికత పాఠంలో చెప్పలేదు. ఆ కోర్సు 2019 తర్వాత తప్పనిసరి అయింది, నేను తప్పించుకున్నది అదొక్కటే.

దాంతో ధైర్యం వచ్చి మా డిపార్ట్‌మెంట్‌కు ఒక సూచన చేశాను. హెచ్‌వోడీల పేర్లు బంగారు అక్షరాలతో రాసిన టేకు బోర్డు ఎలాగూ ఉంది. పక్కనే ఇంకో బోర్డు పెట్టండి: ఇక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో. మా ఎనిమిదిమందిదీ నేనే రాసిచ్చాను. ఒకామె కొంపల్లిలో విత్తనాల కంపెనీ. ఒకామె పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసై సొంత ఆఫీసు. ఒకడు అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుని ఒక బ్యాంకులో మోసాలు పట్టుకుంటున్నాడు. ఒకడు జూనియర్ లెక్చరర్. ఒకామె అమెరికాలో రెండో పోస్ట్‌డాక్. ఒకడు అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి చదువుతూనే ఉన్నాడు. ఒకడు సంగారెడ్డి దగ్గర తేనెపెట్టెలు పెట్టి అమ్ముకుంటున్నాడు, పరిశోధనాంశంలోనే స్థిరపడింది మాలో అతనొక్కడే. ఎనిమిదోవాణ్ణి నేను. కొత్తగా చేరబోయే పిల్లలు ప్రవేశ పరీక్ష ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు ఆ రెండు బోర్డులూ పక్కపక్కనే చదువుకుంటే చాలు, మా లెక్క వాళ్ళు ముందే చేసుకుంటారు. చేసుకున్నాక కూడా చేరేవాళ్ళు చేరతారు. పుప్పొడి అంత అందంగా ఉంటుంది మరి.

డిపార్ట్‌మెంట్ సానుకూలంగా స్పందించింది. పేర్లు సీనియారిటీ ప్రకారం రాయాలా, జీతం ప్రకారమా, అశోక్‌నగర్ వాడి పేరు ఎదురుగా ఏం రాయాలి అన్న విషయాలు తేల్చడానికి ఐదుగురితో కమిటీ వేశారు. బయటి నిపుణుడిగా నన్ను నియమిస్తూ ఉత్తర్వు కూడా ఇచ్చారు. పదవీకాలం మూడేళ్ళు, గౌరవ వేతనం లేదు, టీ ఇస్తారు. ఆ యూనివర్సిటీలో నాకొచ్చిన మొదటి నియామకం అదే. దానిమీద ఇంతవరకు ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు.