సాంబ్రాణికి పూసిన అనాస

మా వీధిలోకి అప్పుడప్పుడు కడియం మొక్కల బండి వస్తుంది. నల్లగొండ ఎండకు సగం మొక్కలు బండి దిగకముందే తలలు వేలాడేస్తాయి. మూడేళ్ల కింద ఆ బండిలో ఒకటి మాత్రం కత్తులు దూసినట్టు కూర్చుని ఉంది. ఆకుల మీద పచ్చ, మీగడ రంగు చారలు, అంచుల్లో కాస్త గులాబీ. నడిమధ్య కాడ మీద నిమ్మకాయంత ఎర్రటి అనాసపండు, దాని నెత్తిన మళ్లీ ఓ బుల్లి పిలక. అయిదు వందలన్నాడు. బేరమాడి నాలుగు వందల ఎనభైకి తెచ్చి, యుద్ధం గెలిచినవాడిలా గేటు తీశాను.

అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "తినేదా?"

"కాదమ్మా, చూడ్డానికి."

"పూజకొస్తదా?"

"రాదు."

"మరి పైసలిచ్చి ముండ్లు తెచ్చుడేంది బిడ్డా?"

అమ్మ పుట్టిల్లు బాలానగర్ దిక్కున. సీతాఫలాల్లో ఒక రకానికి ఆ ఊరి పేరే పెట్టారు. ఎవరూ నాటకుండా, చెంబెడు నీళ్లు పోయకుండా గుట్టల మీద కాసే పండ్లు చూసి పెరిగిన మనిషి. తినని కాయకు కుండీ, కుండీ కింద పళ్లెం, పళ్లెం కింద పీట ఆమెకు ఎక్కవు.

కొన్ని నెలలు ఎర్రగా మెరిసి, మొక్క ఆకులు వాడడం మొదలైంది. కంగారుపడి నీళ్లు పోశాను. ఇంకా వాడింది. ఇంకా పోశాను. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు కదా, "ఇగ మీ మొక్కకు అదొక్కటే తక్కువ" అంది మా ఆవిడ. తర్వాత తెలిసింది, అనాస తన జన్మలో ఒక్కసారే కాస్తుందట. కాసి, పక్కన పిలకలు పెట్టి, తాను మెల్లగా తప్పుకుంటుంది. నాది ఆ పిలకలైనా పెట్టకముందే నీళ్లలో కుళ్లి పోయింది. మిగిలింది పండు నెత్తిన ఉన్న పిలకే.

ఈ విషయంలో తెలుగువాడికి భలే సౌకర్యం. నెత్తి మీద కుచ్చూ పిలకే, మొదట్లో మొలిచేదీ పిలకే. ఏ పిలక నాటినా మొక్క వస్తుంది. విత్తు నాటితే ఆ చారలు రావు.

ఉన్న ఒక్క పిలకతో ప్రయోగం ఎందుకని, ముందు తినే అనాస పిలకల మీద చెయ్యి తిప్పుకుందామనుకున్నాను. క్లాక్ టవర్ దగ్గర ముక్కలు కోసి అమ్మే బండి అబ్బాయిని అడిగితే "మేకలకా సార్?" అని ఆరు ఇచ్చాడు. కండతో సహా మట్టిలో గుచ్చాను. వారంలో ఆరూ కుళ్లాయి, వీధిలోని చీమలకు మాత్రం పండగ. అసలు పద్ధతి వేరు. పిలకను మెలితిప్పి ఊడదీయాలి, కండ మిగలకూడదు. కింది ఆకులు ఒక్కొక్కటే ఒలిస్తే కాడ మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు చుక్కలు బయటపడతాయి. అవే వేళ్లు కాబోయేవి. కొన్నాళ్లు నీడలో ఆరబెట్టాక నాటాలి.

చారల పిలకను అట్లాగే ఒలిచి కిటికీలో ఆరబెట్టాను. శనివారం అమ్మ ఇల్లు దులిపింది. పిలక లేదు. ఏదో ఎండు కుచ్చు పెంటకుప్ప మీద పారేశానంది. వెతికినా కనిపించలేదు. నాలుగు వందల ఎనభైకి నీళ్లు వదులుకున్నాను. నెలన్నర తర్వాత వాన పడి కుప్ప కాస్త జారితే, అక్కడ చారల కత్తులు దూసుకుని నిలబడి ఉంది! లాగితే రాలేదు, అంత గట్టిగా వేళ్లు తన్నింది. బోరు నీళ్లు పోస్తే కుండీ అంచున సున్నంలా తెల్లటి పొర కడుతుంది మా దగ్గర. అనాసకేమో పులుపు నేల కావాలి. పెంట దానికి నచ్చినట్టుంది. ఆ పెంటతో సహా తవ్వి కుండీలోకి మార్చాను.

ఇంతకూ అది మన ఎండలకు బెదిరే జాతి కాదు. పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని నీటిచుక్క బయటికి పోనివ్వదు. రాత్రయ్యాక తెరిచి గాలి పీలుస్తుంది. మే నెలలో మేమూ అంతే. పగలు తలుపులు బిడాయించుకుని, రాత్రి మిద్దె మీద మంచాలు వేసుకుంటాం.

బతికింది సరే, పూయదు. ఏడాది దాటింది, రెండేళ్లు కావొచ్చింది. జహంగీర్ పాదుషా ఆగ్రా తోటలో ఏటా వేల అనాసలు కాస్తున్నాయని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నాకు ఒక్కటి లేదు. మాగిన పండు వదిలే ఇథిలీన్ వాయువు తగిలితే అనాస పూతకొస్తుందని చదివి, మొక్క పక్కన ఒక ఆపిల్ పెట్టి, పైన కవర్ కప్పి మూతి కట్టాను. మర్నాడు చూస్తే ఆపిల్ లేదు. దాని స్థానంలో సగం చితికిన సీతాఫలం!

"మాగుడే గావాల్నంటివి. దానికి ఆపిల్ దండుగ గాదా? పోరనికిచ్చిన," అంది అమ్మ.

పచ్చి సీతాఫలాలను బియ్యం డబ్బాలో పెట్టి మాగేసే మనిషికి ఇథిలీన్ గురించి నేను చెప్పేదేముంది? నోరు మూసుకున్నాను. శుక్రవారం శుక్రవారం ఆమె వేసే సాంబ్రాణి పొగ గదులన్నీ తిరిగి, చివరికి ఆ కుండీ దగ్గర ఓ నిమిషం ఆగేది. ఎందుకమ్మా అంటే "దిష్టి" అనేది.

రెండు నెలలకు ఆకుల నడుమ రూపాయి బిళ్లంత ఎరుపు కనిపించింది. నా ఆపిల్ పని అన్నాను. నేను కొన్న ఆపిల్ అని మా ఆవిడ సవరించింది. సీతాఫలం సంగతి అమ్మ ఎత్తనే లేదు. "సాంబ్రాణికి పూసింది" అని గేటు దగ్గర నిలబడి చెప్పింది, వీధి మొత్తం నమ్మింది. కాదని వాదించడానికీ లేదు. 19వ శతాబ్దంలో అజోర్స్ దీవుల్లో, గాజు ఇళ్లలో పొగ పడితే అనాసలన్నీ ఒక్కసారే పూస్తాయని అక్కడి రైతులు కనిపెట్టారు. పొగలో ఉన్నదీ ఆ ఇథిలీనే. ఈ ముక్క అమ్మకు చెప్పడం నా తెలివితక్కువ. "సూశినవా, సముద్రాలవతల గూడ సాంబ్రాణే ఏస్తరట!"

ఇప్పుడు మొదట్లో నాలుగు పిలకలు లేచాయి. మొన్న ఎదురింటి వదిన వచ్చి తనకో పిలక ఇవ్వమని అడిగింది, నన్ను కాదు, అమ్మను. అమ్మ కుండీ చుట్టూ ఒకసారి తిరిగి, అన్నిటికంటే చిన్నది చూపించింది.

"పిలక ఊకెనే ఇస్త గని బిడ్డా, సాంబ్రాణి మాత్రం నువ్వే కొనుక్కోవాలె."