కాపా సారు

బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద, గుమ్మడిదలలో, షిఫ్టు మారే వేళకు కంపెనీ బస్సులు వరసగా ఆగుతాయి. దిగేవాళ్లలో మెడలో ఐడీ కార్డు, జేబులో అన్నీ నీలం సిరా పెన్నులే ఉన్న మనిషి కనబడితే ఆయన మందుల కంపెనీ క్వాలిటీ అష్యూరెన్స్ సారు. బొంతపల్లి నుంచి పాశమైలారం దాకా ఇలాంటివాళ్లకు కొదవ లేదు.

ఈయన్ను కాపా సారు అంటారు. కాపా అంటే కాపలా కాదు, కరెక్టివ్ అండ్ ప్రివెంటివ్ యాక్షన్. కరెక్షన్ వేరు, కరెక్టివ్ యాక్షన్ వేరు అని లోకానికి నచ్చజెప్పడమే సారు పుట్టుకకు కారణం. నిజానికి ఆయన చెప్పేది తప్పు కాదు. ఐఎస్‌ఓ 9000 ప్రమాణంలోనే ఈ రెంటికీ వేర్వేరు నిర్వచనాలున్నాయి. రియాక్టరు మూత దగ్గర గ్యాస్కెట్ కారుతుంటే కొత్తది వెయ్యడం కరెక్షన్. పాతది ఎందుకు చిరిగిందో తేల్చి, ఆ సాల్వెంటుకు తట్టుకునే రకం తెప్పించడం కరెక్టివ్ యాక్షన్. 2023 డిసెంబరులో కేంద్రం మందుల తయారీ నిబంధనల షెడ్యూల్ ఎం సవరించాక చిన్న కంపెనీలకూ ఈ లెక్క తప్పడం లేదు.

బాధల్లా, సారు ఈ విద్యను గేటు దగ్గర దించి రాడు. ఇంట్లో సరుకుల చీటీలో కిలో కందిపప్పును అర కిలో చెయ్యాలంటే కొట్టెయ్యడు. పాత అక్షరాలు కనబడేలా ఒక్కటే గీత గీసి, పక్కన కొత్తది రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తాడు. "ఇది చీటీనా సారూ, ప్రామిసరీ నోటా?" అన్నాడు కిరాణా కొట్టాయన.

ఆ అర కిలోలోంచే మొన్న పప్పు మాడింది. సారు భార్య మాడిన అడుగు వదిలేసి, పైది వేరే గిన్నెలోకి తీసి మళ్లీ తాలింపు పెట్టింది.

"ఇది కరెక్షనే. అసలెందుకు మాడింది?" టయోటావాళ్లు నేర్పిన అయిదు 'ఎందుకు'లు మొదలుపెట్టాడు సారు.

"పొయ్యి కాడ లేను."

"ఎందుకు లేవు?"

"ఫోన్ మోగింది."

"ఎందుకు ఎత్తినవ్?"

"మీరే చేసిన్రు. పొయ్యి మీద పప్పున్నది, జర చూసుకో అని."

సారు మిగిలిన రెండు 'ఎందుకు'లు అడగలేదు. డైరీ తీసి రాసుకున్నాడు: కారణం, మానవ తప్పిదం. చర్య, సదరు వ్యక్తికి మళ్లీ శిక్షణ.

ప్లాంటులోనూ చాలా రిపోర్టులు ఇక్కడే ఆగుతాయి. తప్పు ఆపరేటర్‌ది, మందు ట్రైనింగు, ఫైలు క్లోజ్. కాపా సారూ, ఈసారి ఆ ఫారం నింపేటప్పుడు ఇంకో గడి పెట్టించండి: ఆపరేటర్ అప్పటికి వరసగా ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నాడు?