మణుగున్నర వంశ ప్రతిష్ఠ

మా అన్నయ్య కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల పక్కింటావిడ 1880 నాటి అమెరికా జనాభా లెక్కల్లో తన పూర్వీకుల పేజీ పట్టుకుందట. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి వయసెంత, ఏం పని చేసేవారు, రాయడం వచ్చా రాదా, అంతా చేతిరాతలో ఉందట. "బాబాయ్, మీ ముత్తాతగారిది కూడా 1891దో 1901దో ఒక పేజీ తీసి వాట్సాప్ చెయ్యి. ఫ్రేము కట్టించి హాల్లో పెడతాను" అన్నాడు. వీధి చివర కొట్లో కిలో పంచదార తెమ్మన్నంత తేలిగ్గా అన్నాడు.

వాడి తప్పు లేదు. అక్కడ 72 ఏళ్లు గడిస్తే పేర్లతో సహా పట్టీలు జనం ముందు పెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఇంగ్లండువాళ్లు వందేళ్లు ఆగి, 1921 నాటివి అదే ఏడాది జనవరిలో బయటపెట్టారు.

మనల్ని ఏలిన దొరలకూ లెక్కల మోజు తక్కువేం కాదు. 1881 ఫిబ్రవరి 17న దేశమంతా ఒకేసారి తలలు లెక్కపెట్టించారు. ఇళ్లకు నంబర్లు వేశారు. వయసెంతని అడిగితే జనం ముప్ఫయ్యనో, ముప్ఫయ్యైదనో, నలభయ్యనో సున్నాకీ అయిదుకీ ముడేసి చెప్పేశారు. ఆ అంకెల్ని చక్కదిద్దలేక అధికారులు తలలు పట్టుకున్నారు. అయినా నివేదికలు సంపుటాలకు సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో గుడ్డివాళ్లెందరు, కుష్ఠురోగులెందరు, వితంతువులెందరు అన్నీ ఉన్నాయి. మా ముత్తాతగారూ ఉన్నారు, ఏదో జిల్లా మొత్తంలో ఒకట్ల స్థానంలో ఒద్దిగ్గా కూర్చుని. ఆయన పేరున్న పట్టీ మాత్రం లేదు. చెరకు పిండుకుని పిప్పి పారేసినట్టు, పట్టికలు తేలాక పేర్ల కాగితాలతో పని తీరిపోయింది.

పేర్లతో మనవాళ్లకు మాత్రం ఏం పని పడింది గనక! పడిందల్లా కులం గడితోనే. 1901లో జనాభా లెక్కల పెద్ద రిజ్లీ దొర కులాల్ని సంఘంలో ఉన్న హోదా ప్రకారం వరసపెట్టమన్నాడు. ఇంకేముంది, మా మెట్టు పైకి జరపండి మహాప్రభో అంటూ దేశం నలుమూలల నుంచీ అర్జీలు. 1911లో బెంగాల్ లెక్కలు చూసిన ఓమాలీ, తనకొచ్చిన అర్జీల బరువే మణుగున్నర అని నివేదికలో రాసుకున్నాడు. (మన ఎనిమిది వీశెల మణుగు కాదండోయ్, బెంగాలు మణుగు. మణుగున్నరంటే యాభై ఆరు కిలోలు!) ఇప్పుడు 2027 లెక్కల్లో కులం గడి మళ్లీ వస్తోంది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరెవరు ఏమని రాయించాలో అప్పుడే సందేశాలు తిరుగుతున్నాయి. ఈసారి అర్జీల్ని మణుగుల్లో కాదు, జీబీల్లో తూచుకోవాలి.

స్వతంత్రం వచ్చింది, 1948లో సొంత చట్టం వచ్చింది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు, అవి కోర్టులో సాక్ష్యంగా చెల్లవు. బతికున్నవాడి గుట్టు కాపాడాల్సిందే, కాదనను. కానీ ఇన్నేళ్లయ్యాక విప్పుతాం అన్న ముక్క అందులో లేదు. పోయినవాడి గుట్టు కూడా ప్రళయం దాకా పదిలం. అస్సాంవాళ్లకు మాత్రం 1951 లెక్కల నుంచి ఎత్తి రాసిన పౌర పట్టీలో తాత పేరు వెతుక్కునే భాగ్యం కలిగింది. గోడకు తగిలించుకోవడానికి కాదు, మేం ఈ దేశం మనుషులమేనని రుజువు చేసుకోవడానికి.

"మరి మా ఆఫీసులో డర్బన్ తెలుగాయనకి ఊరి పేరుతో సహా ఎలా దొరికింది?" అన్నాడు మావాడు.

దొరకదూ మరి! వాళ్లవాళ్లు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాళ్లు. మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 దాకా అలా 1,52,184 మంది దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. ఓడ జాబితాలో తలకో నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, చివరికి ఒంటి మీద మచ్చ. ప్రేమ కొద్దీ రాసింది కాదు, సరుకు దిగిందని రశీదు. ఆ రశీదు దాచారు గనక, ఇవాళ కూలివాడి మునిమనవడి దగ్గర మచ్చతో సహా ముత్తాత ఉన్నాడు. నలభై ఎకరాల మాగాణి కబుర్లు చెప్పుకునే మా దగ్గర గోత్రం ఉంది.

"ఆ జాబితాలో ఆడవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి బాబాయ్. పోనీ, మన తాతమ్మ పేరేమిటో చెప్పు."

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే తెలీదన్నాడు. ఆఖరికి తొంభై ఏళ్ల మేనత్తను అడిగాను. "పేరేమిట్రా, మామ్మని మామ్మ అనేవాళ్లం" అంది. కాసేపు ఆలోచించి, "తాతగారైతే 'ఏమేవ్' అని పిలిచేవారు" అని కూడా అంది.

అదే మావాడికి పంపాను. వంశవృక్షం యాప్‌లో ముత్తాతగారి పక్కన భార్య అన్న గడిలో "ఏమేవ్" అని ఎక్కించాడట. ఇంటిపేరు కూడా రాయమని అడుగుతోందట యాప్.