ఉచితానంతర సేవ: పదవీ విరమణ లేని కొలువు

తెలుగు కుటుంబ వ్యవస్థలో జీతం, సెలవు, పదవీ విరమణ అనే మూడూ లేని కొలువు ఒకటి ఉంది. మేనమామ గారి కళ్యాణ మండపానికో, కులసంఘం వధూవరుల పరిచయ వేదికకో, గుడి కమిటీకో, ఊరి ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘానికో ఒకసారి డబ్బు తీసుకోకుండా వెబ్‌సైట్ చేసిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ మరునాటి నుంచే అందులో నియమితుడవుతాడు. నియామక పత్రం ఉండదు గనుక రాజీనామా పత్రానికీ చోటు లేదు. "నీకు ఖాళీ ఉన్నప్పుడే చూడు నాన్నా" అన్న మాటతో పని అప్పగింత జరుగుతుంది గనుక, అతడికి ఖాళీ ఉన్నదన్నది ఇరుపక్షాలూ అంగీకరించిన సత్యంగా స్థిరపడుతుంది. ఉచితంగా చేసిన పని పూర్తయ్యాక, దాన్ని చేసిన పాపానికి ఆపైన చేస్తూ పోవలసిన పనులన్నింటినీ కలిపి ఇక్కడ ‘ఉచితానంతర సేవ’ అని వ్యవహరించడం సౌకర్యంగా ఉంటుంది.

ధర అనేది వస్తువు విలువను తెలిపే కొలమానమని అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలు బోధిస్తాయి గాని, అది పనికి చివరి తేదీని కూడా నిర్ణయిస్తుందన్న సంగతిని చాలినంతగా పట్టించుకున్నట్టు కనిపించదు. పెళ్లికి షామియానా వేసినవాడు లెక్క చూసుకుని, బాకీ వసూలు చేసుకుని, గుంజలు పీక్కుని వెళ్లిపోతే, ఆరు నెలల తరువాత సీమంతానికి నీడ ఎందుకు లేదని అతడిని ఎవరూ నిలదీయరు. పైకం పుచ్చుకోనివాడికి ఆఖరి వాయిదా అనేది ఎన్నటికీ అందదు గనుక, అతడి పని ముగిసిన రోజు ఏ పంచాంగంలోనూ దొరకదు.

ఈ కొలువు ఇంతగా విస్తరించడానికి చారిత్రక కారణం ఉంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాతి పాతికేళ్లలో, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల మీదుగా బెంగళూరుకో డాలస్‌కో న్యూజెర్సీకో చేరిన పిల్లవాడు ఒక్కడైనా లేని బంధువర్గం అరుదైపోయింది. అతడు ఏదో బ్యాంకు డేటాబేస్‌ను పరీక్షించే పనిలో ఉన్నాడా, సాప్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని కర్మాగారాల సరుకు లెక్కలు చూస్తున్నాడా అన్న తేడా బంధువర్గానికి అనవసరం. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తెలిసి తీరాలన్నది అక్కడ చెల్లుబాటయ్యే సూత్రం. విదేశంలో ఉన్నవాడితో మరో సౌలభ్యం కూడా ఉంది: ఇక్కడి ఉదయం అతడికి రాత్రి గనుక, ఫోన్ చేసేవారికి అతడి ఆఫీసు పని అడ్డు వస్తుందన్న బెంగ ఉండదు.

న్యాయంగా చెప్పాలంటే తప్పంతా బంధువులది కాదు, సాఫ్ట్‌వేర్ స్వభావంలోనే ముగియని గుణం ఉంది. వాడుకలో ఉన్న ప్రోగ్రామును ఎప్పటికప్పుడు మారుస్తూ పోకపోతే దాని ఉపయోగం క్రమంగా తగ్గిపోతుందని లండన్ ఇంపీరియల్ కళాశాల ఆచార్యుడు మెయిర్ లేమన్ 1974లోనే సూత్రీకరించాడు. చేసిపెట్టిన తరువాత సాగే ఈ మార్పుల పనినే వృత్తిలో ‘మెయింటెనెన్స్’ అంటారు. 1970ల్లో ఇ. బర్టన్ స్వాన్సన్ అనే పరిశోధకుడు దీన్ని మూడు రకాలుగా విభజించాడు: తప్పును సరిదిద్దడం, మారిన పరిసరాలకు తగినట్టు సర్దడం, ఉన్నదాన్ని మెరుగుపరచడం. పరిసరాల మార్పు అంటే ఏమిటో గుడి కమిటీ వెబ్‌సైటే చక్కగా చూపిస్తుంది. డొమైన్, అంటే వెబ్ చిరునామా, ఎవరికీ శాశ్వతంగా అమ్మేది కాదు, గడువుకు అద్దె కట్టి నిలుపుకోవలసినది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తున్న భద్రతా సర్టిఫికెట్ 90 రోజులకే గడువు తీరిపోయేదిగా ఉంటూ వచ్చింది. చాలా వెబ్‌సైట్లను నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో 7.4 వెర్షన్‌కు 2022 నవంబరులో భద్రతా సవరణలు ఆగిపోయాయి. అర్చకుడు దేవుణ్ణి కదపకపోయినా, కమిటీ ఒక్క అక్షరం మార్చకపోయినా, వెబ్‌సైట్ మాత్రం తనంతట తానే పాతబడి ఒక శుభోదయాన తెరుచుకోవడం మానేస్తుంది. "నువ్వు ఏదో ముట్టుకున్నట్టున్నావు, మళ్లీ మొదటికి వచ్చింది" అన్న ఫోన్ ఆ రోజే వస్తుంది.

స్వాన్సన్, సహ పరిశోధకుడు లియెంట్జ్ కలిసి 487 సంస్థలను పరిశీలించి 1980లో వెలువరించిన గ్రంథంలో, మెయింటెనెన్స్ శ్రమలో సగానికి పైగా పోతున్నది తప్పుల దిద్దుబాటుకు కాదనీ, మూడో రకమైన మెరుగుదలకేననీ తేల్చారు. తెలుగు కమిటీల అనుభవం దీన్ని పూర్తిగా బలపరుస్తుంది. అధ్యక్షుడి ఫొటో కొంచెం పెద్దది కావాలి; అది పెద్దదయ్యాక కార్యదర్శిది చిన్నబోతుంది గనుక అదీ పెరగాలి; పాత కమిటీ పేర్లు కింద ఎక్కడైనా ఉంటే చాలు, అసలు లేకపోయినా పరవాలేదు. చేర్చవలసిన సమాచారం అను ఫాంట్లలో టైపు చేసిన పేజ్‌మేకర్ ఫైలుగానైనా వస్తుంది, వాట్సాప్‌లో వంకరగా తీసిన కరపత్రం ఫొటోగానైనా వస్తుంది. అను ఫాంట్ల అక్షరాలు యూనికోడ్‌కు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతికి, చెందినవి కావు గనుక నేరుగా అతికిస్తే తెరమీద అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. ఫొటో అయితే మొత్తం మళ్లీ టైపు చెయ్యాలి. దీనికి "కాపీ పేస్టే కదా" అని పేరు. స్వాన్సన్ వర్గీకరణలో లేని నాలుగో రకం కూడా ఇక్కడ ప్రబలంగా ఉంది: వెబ్‌సైట్‌తో ఏ సంబంధమూ లేకపోయినా, వెబ్‌సైట్ చేసినవాడే గనుక అతడే చూడవలసిన ప్రింటర్, కోశాధికారి ఫోన్‌లో నిండిపోయిన వాట్సాప్, ఓటీపీ రాని ఆధార్, రిమోట్‌కు పలకని స్మార్ట్ టీవీ.

ఇదే కమిటీ తన జనరేటర్‌కూ మంచినీటి ఆర్‌ఓ యంత్రానికీ ఏఎంసీ, అంటే ఏడాదికి ఇంతని కట్టే వార్షిక నిర్వహణ ఒప్పందం, కిక్కురుమనకుండా చేసుకుంటుంది. యంత్రానికి బంధువులు ఉండరు, కాబట్టి దానికి డబ్బు కట్టవలసిందే.

చట్టం ఈ విషయంలో బంధువుల కన్నా స్పష్టంగా ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 25వ సెక్షను ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. ప్రతిఫలం అంటే ఒక మాటకు బదులుగా అవతలివారు ఇచ్చేది లేదా చేసేది. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో చేసుకున్న ఒప్పందం. అయితే ఆ ప్రేమాభిమానాలు కాగితం మీద రాసి రిజిస్టరు చేయించినవై ఉండాలి. కాబట్టి "ఏం పరవాలేదు మామయ్యా, నేను చూసుకుంటాగా" అని పెళ్లి భోజనాల దగ్గర అన్న మాట సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దాకా వెళ్లనంత కాలం న్యాయస్థానంలో నిలవదు. మరోవైపు, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరి కోసం చేసిన పని వల్ల అవతలివారు లాభం పొందితే వారు పరిహారం ఇవ్వాలని 70వ సెక్షను చెబుతుంది. తొలినాడే "డబ్బులా, భలేవారే" అన్నవాడికి ఆ సెక్షను తలుపు తట్టే అర్హత ఉండదు. ఇంతా చేసి మామయ్య మీద దావా వేసిన అల్లుడు సంక్రాంతికి ఏ ఇంటికి వెళ్లాలన్నది చట్టసభ పరిశీలనకు రాని అంశం.

ఉచితానంతర సేవ తెలుగువారి గుత్తసొత్తు అనుకోవడం పొరపాటు. ఫైళ్లను కుదించడానికి ప్రపంచమంతటా లినక్స్ యంత్రాల్లో వాడే ఎక్స్‌జెడ్ అనే సాధనాన్ని ఫిన్లాండ్‌కు చెందిన లాసే కొలిన్ ఏళ్ల తరబడి జీతం లేకుండా నిర్వహించాడు. 2022లో అపరిచితులు కొందరు పని నెమ్మదిగా సాగుతోందని అతడిని పదే పదే నిలదీశారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని సరదా పని అనీ అతడు గుర్తుచేసినా ఒత్తిడి ఆగలేదు. చివరికి సాయం చేస్తానని వచ్చిన జియా టాన్ అనే పేరుగల వ్యక్తికి అధికారాలు అప్పగించాడు. ఆ వ్యక్తి అందులో దొంగ ద్వారం పెట్టిన సంగతిని, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతున్నదెందుకని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 2024 మార్చిలో బయటపెట్టాడు. నిలదీసినవారు కూడా ఆ కుట్రలో భాగమైన నకిలీ పేర్లేనని చాలామంది భద్రతా నిపుణుల అనుమానం. ఈ విషయంలో తెలుగు బాబాయిలు నిజాయితీపరులు; వారు ఏ కుట్రా లేకుండానే నిలదీస్తారు.

ఈ కొలువు ఫలితం అనుభవిస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేతులు కూడా పూర్తిగా శుభ్రంగా ఉండవని ఇక్కడ ఒప్పుకోవలసి ఉంటుంది. డొమైన్‌ను సొంత ఈమెయిల్‌తో కొన్నవాడు, కార్డు నంబరు తనది ఇచ్చినవాడు, ఓటీపీ తన ఫోన్‌కు వచ్చేలా పెట్టుకున్నవాడు, పేజీ అడుగున సన్నటి అక్షరాలతో తన పేరు వేసుకున్నవాడు అతడే. పాస్‌వర్డ్ కమిటీకి ఇస్తే పాడుచేస్తారన్న సాకు వెనుక, తాను లేనిదే అక్కడ ఏదీ కదలదన్న చిన్న తృప్తి దాగి ఉంటుంది. నిజానికి ఆ తృప్తే అతడు పుచ్చుకున్న ఫీజు, రాత్రి పదకొండింటి ఫోన్లు దానికి వడ్డీ.

అందువల్ల విముక్తి మార్గం కోపంతో కాక కాగితాలతో మొదలవుతుందని అనుభవజ్ఞుల అభిప్రాయం. ఫోన్ తీయకపోవడం, "ఈ వారం చూస్తాను" అని ఆరు నెలలు గడపడం విస్తారంగా ఆచరణలో ఉన్న పద్ధతులే అయినా, వాటివల్ల పనీ ఆగదు, బంధుత్వమూ మిగలదు. డొమైన్, హోస్టింగ్, అంటే వెబ్‌సైట్ ఫైళ్లు నివసించే అద్దె స్థలం, ఈ రెండు ఖాతాలనూ కమిటీ ఈమెయిల్‌కూ కమిటీ కార్డుకూ మార్చి, పాస్‌వర్డులూ గడువు తేదీలూ ఒక పేజీలో రాసి, సమావేశంలో అందరి ఎదుటా అప్పగించి, ఫలానా తేదీ వరకు తప్పులు దిద్దుతాననీ ఆపైన గంటకు ఇంత అవుతుందనీ అదే పేజీలో చేర్చడం మెరుగైన పద్ధతి. దీనికన్నా సూక్ష్మమైనది సున్నా బిల్లు: చేసిన పనికి బజారు ధర ఎంతో వివరంగా వేసి, జీఎస్టీ నమోదు ఉన్నవాడైతే 18 శాతం పన్ను ఎంతయ్యేదో పక్కన చూపి, అడుగున ‘అభిమానపూర్వక తగ్గింపు నూటికి నూరు’ అని తీసివేసి, మొత్తం సున్నా అని పంపడం. అంత పెద్ద అంకె పక్కన సున్నాను చూసినవారికి రెండోసారి అడిగేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. ఇది తొలి పని నాడే పంపవలసిన బిల్లు. మూడేళ్ల సేవ తరువాత పంపితే "మనవాడు అమెరికా వెళ్లి మారిపోయాడు" అన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది.

ఆ తీర్మానాన్ని కూడా తట్టుకున్నవాడు ఉన్నాడనుకుంటే, కమిటీ ఎట్టకేలకు జిల్లా కేంద్రంలోని ఒక దుకాణానికి డబ్బు కట్టి ఏఎంసీ కుదుర్చుకుంటుంది. ఆ దుకాణంవారు నిబంధనల ప్రకారం ఆదివారం పని చెయ్యరు, అధ్యక్షుడి ఫొటో మార్చడానికి రెండు రోజులు అడుగుతారు, ఒప్పందంలో లేని ప్రింటర్ వైపు చూడను కూడా చూడరు. వారి షరతులను కమిటీ ఎంతో గౌరవంగా పాటిస్తుంది. ఒప్పందంలో రాసిన ఇంగ్లీషు తమకు అర్థం కావడం లేదనీ, నెలనెలా వారితో మాట్లాడి పని సరిగ్గా చేస్తున్నారో లేదో చూసిపెట్టమనీ, ఇందులో పెద్ద పనేమీ లేదనీ కార్యదర్శి డాలస్‌కు ఫోన్ చేసి చెబుతాడు.