ఒక్కరు కావలెను (టీకా తాత్పర్య సహితము)

అవతారిక. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చి కలం పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు గానీ మూలగ్రంథం విషయంలో ఆయన కన్నా ఒక మెట్టు పైనున్నాడు. రఘువంశానికి కర్త కాళిదాసు. ఇక్కడి మూలమో, అపౌరుషేయం. అమెరికా విశ్వవిద్యాలయాలు ఏటా వేసవి చివర్లో విడుదల చేసే అధ్యాపక ఉద్యోగ ప్రకటన అది. సెర్చ్ కమిటీ చిత్తుప్రతి రాస్తుంది, డీన్ ఒక వాక్యం కొట్టేస్తారు, హెచ్‌ఆర్ వారు మూడు చేరుస్తారు. చివరికి దీన్ని నేనే రాశానని చెప్పుకునే మనిషి మిగలడు. ఈ ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి గనుక, ఏ ఒక్క విద్యాలయాన్నీ నొప్పించకుండా అన్నిటి సారం తీసి కూర్చిన పాఠం ఇది.

మూలము. "పాఠశాల మనస్తత్వశాస్త్రమునందు అసిస్టెంటు ప్రొఫెసరు ఒక్కరు కావలెను. టెన్యూరు మార్గము. తొమ్మిది నెలల నియామకము. ఆ శాస్త్రమునందు గాని తత్సన్నిహిత శాస్త్రమునందు గాని డాక్టరేటు ఉండవలెను. సిద్ధాంత గ్రంథము మాత్రము మిగిలియున్న వారిని కూడ పరిశీలింతుము. లైసెన్సుకు అర్హత గలవారికి ప్రాధాన్యము. వేతనము అర్హతానుసారము. భర్తీ అగువరకు తెరిచియుండును."

టీక. పాఠశాల మనస్తత్వశాస్త్రము = తెలుగు పాఠకుడు మొదటి సమాసం దగ్గరే జారిపడతాడు, ఇదేదో బడిలో కౌన్సెలర్ చదువనుకుని. కౌన్సెలర్ వేరు. పిల్లవాడికి అక్షరాలు ఎందుకు పట్టుబడటం లేదో, లెక్కల దగ్గర ఎందుకు ఏడుస్తున్నాడో, క్లాసులో ఎందుకు కుదురుగా కూర్చోలేకపోతున్నాడో పరీక్షలు పెట్టి, పరిశీలించి, కాగితం మీద పెట్టి, ఆపైన ఏం చేయాలో చెప్పే మనిషి స్కూల్ సైకాలజిస్టు. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ దగ్గరికి ఒక పంతులమ్మ స్పెల్లింగు ఎంతకీ రాని కుర్రవాణ్ణి తీసుకొచ్చింది. ఈ విద్యకు పుట్టుకథ అదే. 1915లో కనెటికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌ను నియమించినప్పుడు 'స్కూల్ సైకాలజిస్టు' అనే హోదా మొదటిసారి ఒక మనిషికి దక్కింది. ఈ పనికి ఎంత చదువు ఉండాలో తేల్చడానికి 1954లో వెస్ట్ పాయింట్‌లోని థేయర్ హోటల్లో పెద్దలు సమావేశమయ్యారు. అప్పటిదాకా ఇదొక చిన్న వ్యవహారం.

గిరాకీ తెచ్చింది 1975 నాటి చట్టం. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఉచితంగా, తగిన విధంగా ప్రభుత్వ బడిలో చదువు చెప్పాలంది. 1990లో దాని పేరు ఐడియా (IDEA)గా మారింది. తల్లిదండ్రులు సంతకం పెట్టాక అరవై రోజుల్లోనో, రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే ఆ గడువులోనో పిల్లవాడి మూల్యాంకనం పూర్తి కావాలి. చట్టం గడువు పెట్టింది గానీ పరీక్ష చేసే మనుషులను సృష్టించలేదు. ఆ పని విశ్వవిద్యాలయాల నెత్తిన పడింది.

ఆక్షేపము. ఈ గొడవ మనకెందుకు? సమాధానము. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇంట్లో తెలుగే మాట్లాడే నాలుగేళ్ళ బిడ్డ బడిలో నోరు విప్పడం లేదనుకుందాం. మూల్యాంకనానికి ఒప్పుకుంటారా అని బడి నుంచి కాగితం వస్తుంది. "మా వాడికేమైంది?" అని తల్లి గుండె జారిపోతుంది. అసలు సాధ్యం కాదన్నంత ఇబ్బంది ఉంటే తప్ప పరీక్ష బిడ్డ సొంత భాషలో జరగాలని చట్టం చెబుతుంది. తెలుగు వచ్చిన సైకాలజిస్టు ప్రతి స్కూలు జిల్లాలోనూ దొరకరు. అప్పుడు దుభాషిని పక్కన పెట్టుకుని, బిడ్డకు ఇంగ్లీషు రాకపోవడమేదో, మాటే రాకపోవడమేదో విడదీయగల నేర్పు కావాలి. ఆ నేర్పు నేర్పే పంతులు కోసమే ఈ ప్రకటన.

ఒక్కరు = ఇది సంఖ్యావాచకం కాదు, కవిసమయం. చకోరాలు వెన్నెల తాగుతాయన్నంత నిజం. జాతీయ స్కూల్ సైకాలజిస్టుల సంఘం, అంటే నాస్ప్, పెట్టిన ప్రమాణాల ప్రకారం ఒక్కో ప్రోగ్రాముకు కనీసం ముగ్గురు పూర్తికాలపు అధ్యాపకులుండాలి. చాలాచోట్ల సరిగ్గా ముగ్గురే ఉంటారు. ఒకరు రిటైరైనా, పక్క రాష్ట్రానికి వెళ్ళిపోయినా ముక్కాలిపీటకు ఒక కాలు ఊడినట్టే, గుర్తింపుకే ముప్పు. మూలంలో కనబడని ఈ భయాన్ని పాఠకుడు అధ్యాహారం చేసుకోవాలి.

వచ్చే ఆ ఒక్కరు చేసేదేమిటి? పరీక్షలు పెట్టడం నేర్పే కోర్సు చెప్పాలి. వెక్స్‌లర్ పిల్లల ఐక్యూ పరీక్షను ఒక్కో విద్యార్థీ పలుమార్లు పెట్టి తెచ్చిన రికార్డు పుస్తకాలను పంక్తి పంక్తీ దిద్దాలి. కూడికలో ఒక అంకె తప్పితే ఒక బిడ్డ తరగతే మారిపోవచ్చు. నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతుల్లోకి నెట్టడానికి ఐక్యూ పరీక్షలు వాడవద్దని 1979లో కాలిఫోర్నియాలో ల్యారీ పి. కేసులో ఫెడరల్ న్యాయమూర్తి ఎందుకు తీర్పిచ్చారో కూడా ఆ క్లాసులోనే చెప్పాలి. మధ్యాహ్నం బళ్ళకు వెళ్ళి శిక్షణలో ఉన్నవారిని పర్యవేక్షించాలి. రాత్రి పరిశోధన వ్యాసాలు రాయాలి. గుర్తింపు గడువు దగ్గరపడితే నివేదికలు కట్టలు కట్టాలి. పంతులు, పరిశోధకుడు, వైద్యుడిలాంటివాడు, గుమస్తా: నలుగురు. జీతం ఒక్కరిది.

గాని... గాని = వికల్పార్థకం. చిన్న మాటే, ఆయువుపట్టు ఇక్కడే ఉంది. ఆ ముగ్గురిలో ఇద్దరికైనా స్కూల్ సైకాలజీలోనే డాక్టరేటు ఉండాలని నాస్ప్ నియమం. వెళ్ళిపోయిన మనిషి ఆ ఇద్దరిలో ఒకరైతే ప్రకటనలో 'గాని' ఉండదు. మూడోవారైతే ఉంటుంది. అందుకే ప్రకటన చూసి వెళ్ళినవారెవరో పోల్చుకోవచ్చని ఆ లోకంలోని వారంటే నమ్మాలి.

టెన్యూరు మార్గము = షష్ఠీ తత్పురుష. టెన్యూరు యొక్క మార్గమే తప్ప టెన్యూరు, అంటే శాశ్వత ఉద్యోగం, కాదు. మన దగ్గర యూజీసీ నిబంధన ప్రకారం అధ్యాపకుడి ప్రొబేషన్ ఒక ఏడాది, మహా అయితే ఇంకొకటి. అక్కడ సాధారణంగా ఆరో ఏట ఫైలు కడతారు. ఈ ఎదురుచూపు ఏడేళ్ళకు మించరాదని అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1940లోనే ప్రకటించింది. కాదంటే మరో ఏడాది ఇచ్చి, దారి చూసుకోమంటారు.

తొమ్మిది నెలలు = శ్లేష ఏమీ లేదు. వేసవి జీతం గ్రాంటు తెచ్చుకున్నవారికి.

సిద్ధాంత గ్రంథము మాత్రము = 'మాత్రము' అనే అవ్యయం ఇంత బరువు ఇంకెక్కడా మోయలేదు. స్కూల్ సైకాలజీలో డాక్టరేటుకు గ్రంథంతో పాటు కనీసం 1500 గంటల ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. అభ్యర్థి పగలు ఏదో ఊళ్ళో బళ్ళో ఇంటర్న్‌గా పిల్లలకు పరీక్షలు పెడుతూ, రాత్రి గ్రంథం రాస్తూ, శనివారం దరఖాస్తులు పంపుతూ ఉంటుంది. మూడు సిఫారసు ఉత్తరాలు, బోధన గురించి ఒక వ్యాసం, పరిశోధన గురించి ఇంకొకటి. నెగ్గితే రెండు రోజుల క్యాంపస్ విజిట్: ఉపన్యాసం, డీన్‌తో భేటీ, విద్యార్థులతో భోజనం. పెళ్ళయిందా, పిల్లలున్నారా అని మాత్రం అడగకూడదు. మన పెళ్ళిచూపుల్లో మొదట వచ్చే ప్రశ్నలే అక్కడ నిషిద్ధం.

లైసెన్సుకు అర్హత = ఇక్కడ ధ్వని. బడిలో పనిచేయడానికి సాధారణంగా రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చే అనుమతి చాలు, దానికి డాక్టరేటు అక్కర్లేదు. సైకాలజిస్టు లైసెన్సు వేరే బోర్డు చేతిలో ఉంది. డాక్టరేటు, ఈపీపీపీ పరీక్ష, ఇంకొకరి పర్యవేక్షణలో పని గంటలు కావాలి. చాలా రాష్ట్రాల్లో ఆ గంటల్లో కొన్ని డాక్టరేటు తరవాతే లెక్కకొస్తాయి. ప్రొఫెసరుగా చేరినవారికి గంటలు కూడబెట్టే తీరిక ఉండదు. లైసెన్సు లేకపోతే విద్యార్థుల గంటలకు సంతకం పెట్టే హక్కు కొన్నిచోట్ల ఉండదు. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. 'తప్పనిసరి' అనకుండా 'ప్రాధాన్యము' అనడంలో కమిటీ నిట్టూర్పు వినబడుతుంది.

వేతనము అర్హతానుసారము = దీనికి పాఠాంతరం ఉంది. కొలరాడో ప్రతుల్లో ఈ మాటకు బదులు అంకెలు కనిపిస్తాయి. లేఖకుల ఉదారత అనుకోరాదు. ప్రకటనలో జీతం ఎంతో చెప్పి తీరాలన్న చట్టం అక్కడ 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తరవాత కాలిఫోర్నియా, వాషింగ్టన్ ప్రతుల్లోకీ అంకెలు దిగాయి.

విశేషము. ఎఫ్1 వీసా మీద వెళ్ళి అక్కడే డాక్టరేటు చేసిన తెలుగువారికి ఈ ప్రకటన మరో పత్రం కూడా. విశ్వవిద్యాలయాలకు హెచ్1బీ లాటరీ లేదు. పైగా కాలేజీ అధ్యాపకుల గ్రీన్‌కార్డు దారిలో కార్మిక శాఖ ప్రత్యేక పద్ధతి ఉంది: పోటీ పెట్టి ఎంపిక చేశామని చూపించాలి, ఎంపికైన 18 నెలల్లోపు దరఖాస్తు పడాలి. ఆ సాక్ష్యంలో ప్రకటన ప్రతి కూడా ఉంటుంది. అందుకే అందరూ చదివి పారేసే కాగితాన్ని ఒక్కరు మాత్రం జాగ్రత్తగా ఫైల్లో దాచుకుంటారు.

తాత్పర్యము. ఐదొందల మంది పిల్లలకు ఒక స్కూల్ సైకాలజిస్టు ఉండాలని నాస్ప్ సూచన. దేశం మొత్తం సగటు చూస్తే ఒక్కరికి వెయ్యి మంది దాటుతున్నారు. మూడేళ్ళ స్పెషలిస్టు డిగ్రీ, 1200 గంటల ఇంటర్న్‌షిప్‌తో బడిలో ఉద్యోగం చేతికొస్తుంటే ఇంకో రెండు మూడేళ్ళు డాక్టరేటు కోసం కూర్చునేవారు తక్కువ. వారిలో బడిని, ప్రాక్టీసును వదిలి విశ్వవిద్యాలయానికి వచ్చేవారు ఇంకా తక్కువ. పంతుళ్ళు లేక సీట్లు పెంచలేరు, సీట్లు పెరగక పంతుళ్ళు తయారు కారు. వ్యాఖ్యాత మాటగా చెప్పాలంటే కమిటీలు వెతుకుతున్నది అభ్యర్థిని కాదు, పదేళ్ళ కిందట తాము తయారుచేయలేకపోయిన విద్యార్థిని.

భర్తీ అగువరకు = కాలం చెప్పని క్రియ. రావలసిన అభ్యర్థి వేరేచోట చేరిపోతే 'ఫెయిల్డ్ సెర్చ్' అని మినిట్సులో రాసి కమిటీ లేస్తుంది. మరుసటి సెప్టెంబరులో ప్రకటన మళ్ళీ వస్తుంది, కొద్ది మార్పులతో. 'అసిస్టెంటు' పక్కన 'లేక అసోసియేటు' చేరుతుంది. లేని 'గాని' వచ్చి కూర్చుంటుంది. లైసెన్సు వాక్యం ఒక పంక్తి కిందికి జరుగుతుంది. 'ఒక్కరు' అనే మాటకు మాత్రం ఏ ప్రతిలోనూ పాఠాంతరం లేదు.